పసుపు పూసిన బోర్డు

దెయ్యాల విషయంలో నా అభిప్రాయం చిన్నది. పవరు ఇవ్వకపోతే ఏదీ పనిచేయదు. హాస్టల్లో స్నేహితులు దుప్పట్లు కప్పుకుని దెయ్యం కథలు చెప్పుకుంటుంటే, "ఇంతకీ దాని వోల్టేజీ ఎంత?" అని అడిగి తిట్లు తిన్నవాణ్ణి. కింద రాస్తున్నది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. ఎవరైనా సరైన కారణం చెబితే విని ప్రశాంతంగా ఉందామని.

మాది రాజమండ్రి. ఉద్యోగానికి సంబంధం లేకపోయినా, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు తెప్పించుకుని, వైర్లు అతికించి ఏదో ఒకటి తయారుచేయడం నా సరదా. మా ఆవిడ దాన్ని సరదా అనదు, డైనింగ్ టేబుల్ కబ్జా అంటుంది.

మా అక్కని మొగల్తూరు ఇచ్చారు. బావగారికి ఊరికి దూరంగా, సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు నీళ్లలో ఉన్నా వాటికి గాలి కావాలి. అందుకోసం ఎరేటర్లనే చక్రాలు తిరుగుతూ నీటిని చిలుకుతుంటాయి. మబ్బు పట్టి గాలి ఆడని రోజున అవి ఆగాయంటే రొయ్యలు ఊపిరాడక పైకి తేలిపోతాయి. ఎవరూ చూసుకోకపోతే పంట మొత్తం పోయినట్టే.

అంతకు ముందు పంట తెల్లమచ్చ రోగంతో పోయింది. ఇది కూడా పోతే హైదరాబాదులో ఏదైనా అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా చేరిపోతానని బావగారు నవ్వుతూ అనేవారు. అక్క నవ్వేది కాదు.

చెరువుల దగ్గర ఫోను సిగ్నల్ అందదు. అందుకని నేనొక పెట్టె తయారుచేసి ఇచ్చాను. అందులో ఒక రేడియో బోర్డు, బ్యాటరీ, బయటికి ఒక ఎర్ర బటన్. ఎరేటర్లు ఆగితే కాపలా మనిషి బటన్ నొక్కాలి. ఊళ్లో అక్క వాళ్లింట్లో పెట్టిన రిసీవర్ 'కీక్' మంటుంది, ఏ బోర్డు నుంచి కబురొచ్చిందో దాని నంబరు స్క్రీన్ మీద చూపిస్తుంది. ఉన్నది ఒకే బోర్డు కాబట్టి నంబరు ఎప్పుడూ ఒకటే.

కాపలా మనిషి పేరు సూరన్న. వయసు మళ్లినవాడు, బావగారి తండ్రి కాలం నుంచీ ఉన్నాడు. బటన్ ఒక్కసారి నొక్కితే చాలని ఎన్నిసార్లు చెప్పినా రెండుసార్లు నొక్కేవాడు.

"ఒక్కసారి చాలు సూరన్నా. దానికి వినపడుతుంది."

"ఆయ్, దానికి వినపడతాదండి బాబూ. మీకు వినపడాలి కదండీ!"

పైగా దాన్ని అన్నిటికీ వాడేవాడు. రొయ్యల కోసం నీటికాకులు వాలితే కీక్ కీక్. డీజిలు అయిపోతే కీక్ కీక్. ఒకసారి బావగారు చెమటలు కక్కుకుంటూ బండి మీద వెళ్తే, అగ్గిపెట్టె తెచ్చారా అని అడిగాడట. అప్పటినుంచి ఇంట్లో రిసీవర్ మోగినప్పుడల్లా "ఈ సూరన్నొకడు" అని విసుక్కుంటూ లేవడం ఆయనకి అలవాటైపోయింది. విసుక్కునేవారే కానీ, వెళ్లకుండా ఉండేవారు కాదు.

దసరాకి ఆయుధపూజ చేశారు. మోటార్లకి, జనరేటరుకి, ఎరేటర్లకి పసుపు రాసి బొట్లు పెట్టారు. నా పెట్టెకీ ఆ గౌరవం దక్కింది. సూరన్న భక్తి కొంచెం ఎక్కువైంది. మూత తీసి లోపల బోర్డుకి కూడా నిండుగా తడి పసుపు పూశాడు. బావగారు ఫోనులో ఈ సంగతి చెబితే, లోపలెందుకు పూశాడో అడగమన్నాను. "అసలు మనిషి లోపల కదండీ ఉన్నాడు, పైన రాస్తే ఏం లాభం?" అన్నాడట.

విచిత్రంగా అది కొన్నాళ్లు పనిచేసింది. దీపావళి ముందు సూరన్న జ్వరంతో పోయాడు. తర్వాత కొద్ది రోజులకి పెట్టె కూడా మూగబోయింది. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. పసుపునీళ్లు దిగి తీగలకి చిలుం పట్టింది, అంతే.

బాగుచేద్దామని నేను మొగల్తూరు వెళ్లాను. పెట్టె చెరువు దగ్గర నుంచి ముందే తెచ్చి ఉంచారు. అది మబ్బు పట్టిన మధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. బావగారు భోజనానికి కూర్చున్నారు. నేను అవతలి బల్ల మీద పేపరు పరిచి బోర్డు బయటికి తీశాను. బ్యాటరీ పీకేశాను. యాంటెన్నా విప్పాను. బటన్ తీగలు కత్తిరించి పక్కన పెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో పసుపు గీకుతున్నాను.

గోడకున్న రిసీవర్ కీక్ మంది. వెంటనే ఇంకోసారి.

"ఈ సూరన్నొకడు" అంటూ బావగారు సగం అన్నంలో లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది.

అప్పుడు అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సూరన్న పోయి ఎన్నో రోజులైంది. బోర్డు నా ముందుంది. రిసీవర్ స్క్రీన్ మీద ఒకటో నంబరు కనిపిస్తోంది.

"ఏరా, నువ్వేమైనా నొక్కావా?" అంది అక్క.

బటన్ ఒకచోట, బ్యాటరీ ఇంకోచోట ఉన్నాయని చూపించాను. ఆ తర్వాత తను బల్ల దగ్గరికి రాలేదు.

బావగారు సాయంత్రం వచ్చారు, మోకాళ్ల దాకా బురదతో. కరెంటులో ఒక ఫేజు పోయి ఎరేటర్లన్నీ ఆగిపోయాయట. కొత్తగా పెట్టుకున్న మనిషి భోజనానికి ఇంటికెళ్లాడు. గట్టు వారన రొయ్యలు అప్పుడప్పుడే పైకి తేలుతున్నాయట. జనరేటరు వేసి, చక్రాలు తిరిగి, అవి మళ్లీ అడుక్కి దిగేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. ఇంకాస్త ఆలస్యమైతే చూడ్డానికి ఏమీ మిగిలేది కాదు.

చల్లారిన అన్నం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పారు. "సగం దారిలో గుర్తొచ్చిందోయ్, సూరన్న లేడు కదాని. బండి వెనక్కి తిప్పుదామనుకున్నా."

"మరి?"

"ఏమో. వెళ్లకపోతే సాయంత్రం దాకా సణుగుతాడనిపించింది."

నేను ఆలోచించని కారణం లేదు. బోర్డులో మిగిలిన కాస్త కరెంటు? చిన్న దీపం మిణుకుమంటుందేమో కానీ కబురు వెళ్లదు. రిసీవర్ పాత కబురునే మళ్లీ చూపించిందా? పాతవి దాచుకునే తెలివి నేను దానికి పెట్టలేదు. చుట్టుపక్కల ఇంకెవరో ఇలాంటి బోర్డే వాడుతున్నారా? మొగల్తూరులో అలాంటి మనిషే ఉంటే ఎప్పుడో వెతికి స్నేహం చేసుకునేవాణ్ణి. ఆ స్క్రీన్ ఫోటో తీయాలన్న బుద్ధి మాత్రం ఆ క్షణాన పుట్టలేదు. ఇన్నేళ్ల చదువూ అక్కడే ఆగిపోయింది.

ఆ పంట చేతికొచ్చింది. వాచ్‌మన్ ఉద్యోగం మాట బావగారు మళ్లీ ఎత్తలేదు. కొత్త పెట్టె చేసి ఇచ్చాను. దానికి కూడా బటన్ రెండుసార్లు నొక్కమని ఆయన కొత్త మనిషికి చెబుతుంటే, ఒక్కసారి చాలని నేను అనలేదు. మరుసటి దసరాకి ఫోను చేసి, పసుపు రాయమంటావా అని అడిగారు. మూత మీద రాయండి, అన్నాను. ఫోను పెట్టేసేముందు, లోపల కూడా ఓ మూల చిన్న బొట్టు పెట్టండి, తీగలకి తగలకుండా, అన్నాను.

పాత బోర్డు నా బల్ల సొరుగులో ఉంది. పసుపు పూర్తిగా వదల్లేదు. దాని బ్యాటరీ మాత్రం వేరే గదిలో పెట్టాను. పవరు లేకపోతే ఏదీ పనిచేయదని అంత గట్టిగా నమ్మేవాడివి, మళ్లీ ఈ జాగ్రత్త దేనికని మా ఆవిడ అడుగుతుంది. నేను వెళ్లి సొరుగు సరిగ్గా మూసి ఉందో లేదో ఇంకోసారి చూసి వస్తాను.