ప్రభుదాసు గారి టేకు తలుపు

ఒక తలుపును పుట్టించబోయి ఇంకో తలుపును పొట్టన పెట్టుకున్న ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

పాలిటెక్నిక్ ముగించి, కార్ఖానా అనే పేటలో ఒక చిన్న షెడ్డులో ఉద్యోగానికి చేరాను. మా యజమాని ప్రభుదాసు గారు ఫైబర్‌గ్లాసు నీళ్ల ట్యాంకులు చేయించేవారు. ఒకనాడు రసాయనాల ఫ్యాక్టరీ మేనేజరొకాయన వచ్చి, యాసిడ్ ఆవిరికి తమ ఇనుప తలుపులు తుప్పుపట్టి అప్పడాల్లా విరుగుతున్నాయని మొరపెట్టుకున్నాడు. తుప్పంటే తెలియని తలుపు మనమే చేద్దామన్నారు ప్రభుదాసు గారు. ఆ పూట నాకు అన్నం కూడా సహించలేదు, అంత సంబరం!

యాప్రాల్‌లో కడుతున్న తన ఇంటికోసం చేయించిన టేకు తలుపునే ఆయన నమూనాగా ఇచ్చారు. దానిమీద రెజిన్ అనే జిగురు, గాజునార పొరలు పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తే అచ్చు తయారవుతుంది. అంతకుముందు అంటుకోకుండా మూడుసార్లు మైనం పూయాలని చెప్పి, మేస్త్రి యాదగిరి భోజనానికి వెళ్లాడు. తలుపు పాలిష్‌లో నా ముఖం మీసంతో సహా కనిపిస్తోంది. ఇంత నున్నటిదానికి మళ్లీ మైనం దేనికని, ఆగలేక పని మొదలుపెట్టేశాను.

మర్నాడు మేనేజరు చూడ్డానికి వస్తాడనగా ఊడదీయబోయాం. అచ్చు ఊడి రాలేదు. చెక్కమేకులు దిగగొట్టాం, వేడినీళ్లు పోశాం, నలుగురం పట్టి లాగాం. యాదగిరి నా వంక అనుమానంగా చూశాడు.

"మైనం పూసినవా సార్?"

"మెరుస్తోంది కదా అని..."

"ఇగ ఊడదు. రెండింటికీ లగ్గమైపోయింది."

అంతలో ప్రభుదాసు గారు మేనేజరును వెంటబెట్టుకుని వచ్చారు. తన తలుపును గుర్తుపట్టి, అంచు పట్టుకుని తానూ ఒకసారి లాగి చూశారు. మేనేజరు మాత్రం తెచ్చుకున్న సీసాలోని యాసిడ్‌ను దానిమీద పోసి, కాసేపు చూసి, తుడిచాడు. మరక కూడా లేదు. వేలితో కొట్టి చూసి, లోపల చెక్క ఉండడం మంచి ఆలోచనని మెచ్చుకున్నాడు.

"నాకు అన్నీ ఇట్లనే కావాలె. గింత ఖరీదైంది వద్దు, చెక్క జెర సస్తాది పెట్టండి."

ఆర్డరు వచ్చింది, నా ఉద్యోగం నిలిచింది. ఆ టేకు తలుపు మాత్రం బూడిదరంగు తొడుగుతోనే యాప్రాల్ ఇంటికి చేరింది. గృహప్రవేశం నాడు ప్రభుదాసు గారి భార్య రత్నకుమారి గారు దాన్ని పైనుంచి కిందికి చూసి, శాంతంగా నన్ను అడిగారు.

"ఏం బాబూ, మా ఇంటిమీద యాసిడ్ పోయడానికి ఎవరైనా వస్తామన్నారా?"

అక్కడే, పాయసం గిన్నె చేతిలో ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో యజమానుల ఇళ్లలోని ఏ వస్తువుకూ అచ్చు తీయను. వాళ్లే బతిమాలినా సరే.