అంకె ఎక్కితేనే ఆపరేషన్

కారమడై దగ్గర మా ఇంట్లో, అటక కింది గదిలో, నేను పెట్టిన డిటెక్టర్ ఒకటి ఉంది. చూడ్డానికి మూత వేసిన ఇనప్పెట్టెలా ఉంటుంది. ఆకాశం నుంచి ఎడతెగకుండా కురిసే కాస్మిక్ కిరణాలను, అంటే కంటికి కనపడని కణాలను, అది లెక్కపెడుతుంది. సూర్యుడు చెలరేగినప్పుడు అతని నుంచి వీచే గాలి వాటిని వెనక్కి నెడుతుంది కనుక అంకె తగ్గుతుంది. శాంతిస్తే మళ్ళీ ఎక్కుతుంది. ఒక విడత దిగి ఎక్కడానికి సుమారు పదకొండేళ్ళు. నేను మదురైలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటూ ఆ అంకెను ఫోన్‌లో చూసుకుంటాను. ఇంట్లో స్క్రీన్ ముందు కూర్చుని చూసేది మా నైన. తండ్రిని మేము అలాగే పిలుస్తాం.

నైన పంపుసెట్ల ఫౌండ్రీ నడిపిన మనిషి. ఇప్పుడు గుండె కవాటం పాడైంది. ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించమన్నాడు డాక్టర్. నైన వద్దన్నారు. మా వైపు అగ్నినక్షత్రం రోజుల్లో, మీరు కర్తరి అనే ఎండల్లో, బావి తవ్వరు, ఇల్లు మొదలుపెట్టరు. సూర్యుడు చెలరేగి ఉన్నాడని నేనే చెప్పాను కదా, అయితే ఇది ఏళ్ళ తరబడి సాగే అగ్నినక్షత్రమని ఆయన తేల్చేశారు. అంకె ఎక్కేదాకా ఒంటి మీద కత్తి పడకూడదట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నేను చదివిన సైన్సంతా ఆయన పంచాంగంలో ఒక పేజీ అయిపోయింది. ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. మెట్లెక్కితే ఆయన రొప్పడం నేను విన్నాను.

జూలైలో మొదలయ్యే ఆడి మాసంలో ఒక ఉదయం చూస్తే అంకె ఎక్కి ఉంది. మెల్లగా కాదు, ఒక్క పూటలో. కాసేపటికే నైన ఫోన్ చేశారు.

"ఎక్కింది, చూస్తివా అమ్మిణీ? ఇంగ డాక్టర్‌కు చెప్పు, పోతాం" అన్నారు.

సూర్యుడు అలా ఒక్క పూటలో శాంతించడు. ఇతర చోట్ల డిటెక్టర్లు చూశాను, ఎక్కడా మార్పు లేదు. శనివారం ఇంటికి వచ్చి తలెత్తితే అటక ఖాళీగా కనిపించింది. వేరుశనగ విత్తనాన్ని మా ఇంట్లో నేల మీద ఉంచరు. ఎండాకాలంలో అటకెక్కించి, ఆడిలో విత్తడానికి దించుతారు. ఎప్పుడూ వెనక గది అటక మీద పెట్టేవాళ్ళు. డిటెక్టర్ గదికి ఏసీ ఉంది, విత్తనం చల్లగా ఉంటుందని ఈ ఏడు నైన ఇక్కడికి మార్పించారట. ఇన్నాళ్ళూ ఆ మూటలు కొన్ని కణాలను ఆపాయి, దించగానే అంకె ఎక్కింది. నేను సూర్యుడికి అంటగట్టిన తగ్గుదలలో కొంత మా శనక్కాయలదే.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే ఆపరేషన్ ఆగిపోతుంది. చెప్పకపోతే ఆయన్ను అబద్ధం మీద ఆపరేషన్ బల్ల ఎక్కించినట్టు.

మర్నాడు పొద్దున నైన సంచి సర్దుకుని, ఉతికిన వేష్టి కట్టుకుని వరండాలో కూర్చున్నారు. ముఖంలో అంత తేట చూసి చాలా కాలమైంది. అయినా, ఆ అంకె గురించి ఆయనకు నేను ఎన్నడూ తెలిసి తప్పు చెప్పలేదు. మూటల సంగతి చెప్పేశాను.

ఫౌండ్రీలో పోత చెడిపోయినప్పుడు పెట్టే ముఖమే పెట్టారు. సూర్యుడు నిజంగా శాంతించడానికి ఎన్నాళ్ళని అడిగారు. ఐదారేళ్ళు పట్టొచ్చన్నాను. సంచి వైపు చూశారు. సంచి లోపల పెట్టమంటారనే అనుకున్నాను. అలా అంటే ఏడ్చేసేదాన్నే.

"అంతవరకు నేను కాసుకోనుంటే, అది ఎక్కేటప్పుడు చూసేదానికి నేనుండను అమ్మిణీ" అన్నారు. "కారు తియ్యి."