క్రిస్మస్ తాతకు పంచెల చాపు

మా క్రిస్మస్ తాతకు మంచు తెలియదు. బెజవాడ మధ్యాహ్నపు ఎండలో, దూది గడ్డం కింద చెమటలు కక్కుతూ బట్టల షాపుల ముందు చాక్లెట్లు పంచుతాడు. మాస్కు బుగ్గలు గులాబీ రంగులో ఉంటాయి, చేతులు మాత్రం మన రంగే. ఆయన తొడుక్కునే ఎర్ర కోటు చాలాసార్లు మా షాపుదే. గవర్నరుపేటలో నేనూ మా అమ్మా ఫ్యాన్సీ డ్రెస్సులు అద్దెకిస్తాం. అమ్మ కుడుతుంది, నేను కౌంటర్లో కూర్చుంటాను. ఇంతమంది తాతలకు బట్టలిచ్చిన నేను ఒక్క తాతను మాత్రం ముప్పై ఏళ్ళుగా క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా ఎప్పుడూ లేదు.

అప్పుడు నాది రెండో తరగతి. మైలవరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఇంగ్లీషు మీడియం బళ్ళో చేరిన మొదటి ఏడు. ఆ బళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరి పిల్లల బొమ్మ వాళ్ళ ఇంట్లోవాళ్ళే కొని, పేరు రాసి, గుట్టుగా టీచరుకు అందజేయాలి. తాత వచ్చి, తానే తెచ్చినట్టు సంచిలోంచి తీసి, పేరు పిలిచి ఇస్తాడు. ఈ సంగతి మా అమ్మకు తప్ప అందరు తల్లులకూ తెలుసు. డైరీలోని ఇంగ్లీషు ముక్క పక్కింటావిడ చదివి, "క్రిస్మస్ తాత వస్తాడంట, గిఫ్టు పంపమన్నారు" అని చెప్పింది. పెద్దాయన పిల్లలందరికీ పెడుతున్నాడు కాబట్టి ఆయనకు మనం పెట్టాలని అమ్మకు అర్థమైంది.

"పెద్దోళ్ళ దగ్గరికి ఉత్త చేతుల్తో ఎట్టా పంపుతామే?" అంటూ, నాన్న కోసం దాచిన మంగళగిరి పంచెల చాపు తీసింది. అరటిపళ్ళు, తమలపాకులు పెట్టి, కాగితంలో చుట్టి, పైన నా పేరు రాయించి ఇచ్చింది.

తాత వేషం వేసింది మా డ్రిల్లు మాస్టారు. మాస్టారు అనే గౌరవం కూడా ఆయనకు దండగే. నా పేరు పిలిచాడు. పొట్లం మెత్తగా తగిలేసరికి అక్కడే విప్పాడు. ఎర్ర ప్యాంటు మీదే పంచె చుట్టుకుని, చెవిలో తమలపాకు దోపుకుని, "మా అత్తారు బట్టలు పెట్టారర్రా!" అంటూ స్టేజీ అంతా గంతులేశాడు. బడి బడంతా నవ్వింది. టీచర్లు కొంగులు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. నాకో చాక్లెట్టు పడేసి, పంచె మాత్రం ఇంటికి పట్టుకుపోయాడు, సిగ్గులేని మనిషి.

సాయంత్రం అమ్మ అడిగింది. "తాతకి నచ్చిందా?"

"చాలా నచ్చిందమ్మా. అక్కడే కట్టుకున్నాడు."

అమ్మ నవ్వింది. ఆ నవ్వు చెడకూడదు, ఆయన మాత్రం అందరి ముందూ ఏడవాలి అనుకున్నాను. ఎప్పటికైనా పగ తీర్చుకోవాలి, అదీ అమ్మకు తెలియకుండా తీర్చుకోవాలి.

పోయిన డిసెంబరులో ఆయనే మా షాపుకు వచ్చాడు. రిటైరయ్యాడు, ఒళ్ళు చేశాడు, గొంతు మాత్రం అదే. వాళ్ళ అపార్టుమెంటులో తాత వేషం వేయాలట.

"పెద్ద సైజు చూడమ్మా. బళ్ళో ఎన్నేళ్ళు వేశాననుకున్నావ్? నేను వేస్తే జనం పడీ పడీ నవ్వాల్సిందే."

నన్ను గుర్తుపట్టలేదు. అది ఇంకా మండించింది.

"కూర్చోండి సార్, మంచిది తెస్తాను" అని ట్రయల్ రూములోకి వెళ్ళి, ప్యాంటు వెనక కుట్టు బ్లేడుతో విప్పాను. నిలబడితే ఆగాలి, సంచిలోంచి బొమ్మ తీయడానికి వంగితే పిగలాలి. అందుకని నాలుగు కుట్లు మిగిల్చాను.

కోపంలో ఒక్కటి మర్చిపోయాను. అమ్మ కుట్లు తడిమి చూడకుండా మా షాపులోంచి ఏ డ్రెస్సూ బయటికి పోదు. మిషను దగ్గర నుంచే చెయ్యి చాపి ప్యాంటు అందుకుంది. వేళ్ళు కుట్టు వెంట వెళ్ళి, విప్పిన చోట ఆగాయి. కళ్ళజోడు సర్దుకుని నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకు విప్పావని అడిగితే, ఇన్నేళ్ళు దాచిందంతా ఆయన ముందే చెప్పాల్సి వస్తుంది.

అమ్మ మళ్ళీ మిషను వైపు తిరిగింది. కాసేపు ప్యాంటు మీదికి వంగి కూర్చుంది. కుట్టేస్తోందనుకున్నాను. తర్వాత మడిచి, కవర్లో పెట్టి, తానే తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చింది.

"మంచి డ్రెస్సండీ. పిల్లలకి బాగా వంగి వంగి ఇవ్వండి. వాళ్ళకదే సరదా."

"అంతే కదమ్మా!" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆయన స్కూటరు సందు మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ రోజు నీకు క్యారేజీ తెచ్చి కిటికీ దగ్గరే ఉన్నానే. అంతా చూశా. నువ్వు నచ్చిందన్నావు, నీ కోసం నవ్వా."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమెకు తెలియకూడదని నేనూ, నాకు తెలియకూడదని అమ్మా ముప్పై ఏళ్ళు నోరు కట్టుకున్నాం.

"ఏడుపెందుకే? నాలుగు కుట్లు ఉంచితే ఎట్టా పిగులుద్ది?" అంది అమ్మ, మిషను వైపు లేస్తూ. "మూడు తీసేశా."