మేయర్ గారి చెవి మిషన్

సలాబత్‌పురా నుంచి నవాగామ్ పోయే బస్సులో, "మంచిగనే ఉన్ననమ్మా" అని ఫోన్ పెట్టేశాను. ఈ పరాయి రాష్ట్రంలో నా తెలుగు విని పక్క సీటు పెద్దాయన పలకరించాడు. వయసులో ఇక్కడే మరమగ్గాలు నడిపి, తర్వాత మా దిక్కు ఒక పట్నానికి మేయరయ్యాడట.

"సాంచెల మోతల మాట ఇనరాదు గద బిడ్డా, మనిషి పెదాలు చూసి సమజ్ చేసుకునేది. మేయరైనంక గూడ గదే అలవాటు. మొకం చూసి ఇంటడని జనం మల్ల గెలిపిచ్చిన్రు. అటెన్క చెవులు మందమైతే మిషన్ పెట్టుకున్న. ఇగ కాయితాలల్ల తలకాయ పెట్టి ఇనుడు మొదలైంది. ఓడగొట్టిన్రు. మంచిగ చేసిన్రు."

ఆయన చెవి మిషన్ తీసి జేబులో వేసుకుని, నా వైపు పూర్తిగా తిరిగాడు.

"ఇగ చెప్పు బిడ్డా, ఎట్లున్నవ్?"

ఈసారి మంచిగనే ఉన్నానని అనలేకపోయాను.