జూమ్‌లోకి వచ్చిన ఏనుగు కన్ను

పటమటలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఉంటుంది మా ఆఫీసు. చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడతాం. వాటిని ఎలా వాడాలో చూపించే వీడియోలు తయారుచేయడం నా పని. ఒకప్పుడు నేనే మౌసు పట్టుకుని, ఊపిరి బిగబట్టి స్క్రీన్ రికార్డు చేసేదాన్ని. సరిగ్గా చివర్లో ఎవరిదో వాట్సాప్ మెసేజ్ తెరమీద తొంగిచూసేది. మళ్ళీ మొదటికి. ఇప్పుడు ఆ పని ఏఐ ఏజెంటు చూసుకుంటోంది. "ఈ పేజీ తెరువు, ఈ బొమ్మ ఎంచుకో, ఆర్డరు పెట్టు" అని రాసిస్తే చాలు. తనే పేజీ తెరిచి, నొక్కాల్సినవి నొక్కుతూ, జరిగినదంతా వీడియో తీసి ఇస్తుంది.

కొండపల్లిలో బొమ్మలమ్మే ఒకాయన సైటుకు అలాగే ఒక వీడియో తీయించాను. ఆఫీసు కంప్యూటర్లో ముచ్చటగా ఉంది. ఇంటికెళ్ళి మా అత్తగారికి ఫోనులో చూపించాను. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అర్థం కానిదాన్ని అర్థమైందని అనడం ఆవిడకు చేతకాదు.

"ఏం చేస్తోందమ్మాయ్ అది? బాణం గుర్తు చీమలా పాకుతోంది గానీ, ఎక్కడ నొక్కిందో కనపడితేగా!" అన్నారు.

నిజమే. అంత పేజీ అరచేతిలోకి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలైపోయాయి. మర్నాడు ఏజెంటుకు ఒక జూమ్ టూల్ తగిలించాను. ఎక్కడికి వెళ్ళాలో, ఎంత దగ్గరకు వెళ్ళాలో, ఎంతసేపు ఆగాలో చెబితే, కెమెరా అక్కడికి వెళ్ళి చూపిస్తుంది. ఏజెంటుకు అది తెగ నచ్చినట్టుంది. నొక్కిన ప్రతిచోటికీ దూకింది, వెనక్కి దూకింది.

"మైలవరం బస్సులో వెనకసీట్లో కూర్చోబెట్టినట్టుంది. కళ్ళు తిరుగుతున్నాయి, ఆపెయ్" అన్నారు మా అత్తగారు.

మళ్ళీ కూర్చుని రాశాను. ముఖ్యమైన చోటికే వెళ్ళు, మెల్లగా వెళ్ళు, చదివేంతసేపు కదలకుండా ఆగు, మెల్లగా వెనక్కి రా. ఈసారి ఆవిడ చివరిదాకా చూసి, "ఊఁ, ఇప్పుడు నేనైనా ఆర్డరు పెట్టగలను" అన్నారు. మా ఆఫీసులో అంతకుమించిన పరీక్ష లేదు.

వీడియో పంపగానే బొమ్మలాయన ఫోన్ చేశాడు. "మేడమ్, ఒకసారి వచ్చి మా వాళ్ళందరికీ చూపించండి. బొమ్మలు ఎలా అమ్ముడుపోతాయో వాళ్ళకీ తెలియాలిగా."

కొండపల్లి వెళ్ళాను. దుకాణం వెనకే బొమ్మలు చేసే షెడ్డు. పనివాళ్ళు ఉలులు, కుంచెలు పక్కనపెట్టి, చెక్కపొట్టు దులుపుకుని టీవీ ముందు కూర్చున్నారు. నేను లాప్‌టాప్ టీవీకి కలిపి వీడియో వేయబోతుంటే బొమ్మలాయన అడ్డొచ్చాడు.

"తీసింది కాదండీ. అదేదో తనంతట తనే తీస్తుందన్నారుగా! ఇక్కడే తీయించండి, చూద్దాం."

"అదెంతసేపండీ" అని ధీమాగా మొదలుపెట్టాను. ఏజెంటు సైటు తెరిచింది. బాణం గుర్తు దానంతట అదే కదలడం చూసి, "ఎవరూ పట్టుకోలేదే!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఇక ఆర్డరు బటన్ చూపించాలి. కెమెరా మెల్లగా ముందుకు సాగింది. టీవీ నిండా ఏనుగు కన్ను వచ్చి నిలబడింది.

బటన్ లేదు. కన్నే. చదివేంతసేపు ఆగమన్నది నేనే కాబట్టి కదలకుండా ఆగింది కూడా. గబగబా సైటు తెరిచి చూశాను. సంగతేమిటంటే, ఆ పొద్దునే బొమ్మలాయన అంబారీ ఏనుగుకు పెద్ద ఫోటో తీసి సైటులో మార్చాడట. ఫోటో పెరిగేసరికి బటన్ కిందికి జరిగింది. నేనేమో జూమ్‌ను బటన్‌కు కాకుండా, తెరమీద ఆ చోటుకు ముడిపెట్టాను. ఇప్పుడు ఆ చోట ఏనుగు మొహం ఉంది.

"సారీ అండీ, ఒక్క నిమిషం" అంటుండగానే వెనకనుంచి ఒకావిడ లేచి నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి, వేళ్ళనిండా రంగు.

"అది నేను దిద్దిన కన్నండీ!"

"అన్ని ఏనుగుల్లో మీదేనని ఎలా తెలిసిందండీ?" అన్నాను.

"రెప్ప చివర చూడండి, కాస్త పైకి తిప్పుతాను. నవ్వుతున్నట్టుంటుందని. ఇంత దగ్గరగా నేనే ఎప్పుడూ చూళ్ళేదండీ."

అందరూ ముందుకు వంగి చూశారు. నిజంగానే ఆ ఏనుగు నవ్వుతోంది. ఇన్నాళ్ళూ ఆ సైటుతో పనిచేసిన నేను బటన్లు చూశాను గానీ బొమ్మను చూడలేదు. అంతలో కెమెరా వెనక్కి వచ్చి, ఏనుగు చిన్నదైపోయింది.

"అరె, వెళ్ళిపోయిందే! ఇంకోసారి వెయ్యండి మేడమ్."

ఇంకోసారి వేశాను. ఆ తర్వాత ఎడ్లబండి చేసినాయన తన ఎద్దు మువ్వలు చూపించమన్నాడు. తాడిచెట్టు బొమ్మ చేసినాయన చెట్టెక్కేవాడి పాదం చూపించమన్నాడు. బొమ్మలాయన నా పక్కకు వచ్చి, "బటన్ ఎక్కడికీ పోదు మేడమ్. వీడియోలో ముందు ఈ కన్ను ఉండనివ్వండి" అన్నాడు.

అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుని ఏజెంటుకు కొత్తగా రాసిచ్చాను. ముందు బొమ్మ మొహం దగ్గరికి వెళ్ళి ఆగు, ఆ తర్వాతే బటన్. ఈసారి జూమ్‌ను బటన్‌కే ముడిపెట్టాను, అది ఎక్కడికి జరిగినా వెంటే వెళ్ళేలా. ఏజెంటు వీడియో తీసేలోపు బొమ్మలాయన ఇంట్లో పప్పుచారు, అప్పడాలతో నా భోజనమూ అయిపోయింది.

కన్ను దిద్దినావిడ ఆ వీడియో తన ఫోనులోకి పంపించుకుంది. సాయంత్రం నేను బస్సుకు బయల్దేరేసరికి షెడ్డు గుమ్మంలో కూర్చుని పక్కింటావిడకు చూపిస్తోంది.

"ఉండు వదినా, అప్పుడే ఫోన్ ఇచ్చెయ్యకు. ఇప్పుడొస్తుంది చూడు."