బాబాయ్ కట్టిన గోడ

ల్యాబ్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే టెక్నాలజిస్టుకు ఒకటే జబ్బు. ఎవరి పని గురించి వాళ్లకే తప్పుగా చెబుతాడు. చెప్పి ఊరుకోడు, వాదిస్తాడు. చాటున ఆయన పేరు సర్వజ్ఞుడు.

గుండె నాళాల్లో అడ్డంకులు తొలగించే గది అది. పేషెంటు మెలకువగానే ఉంటాడు. మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టం గుండె దాకా పంపుతారు. గొట్టాలు అందించడం, మానిటర్ చూస్తూ అంకెలు పైకి చదవడం బాబాయ్ పని. ఆ పనిలో ఆయన్ని వేలెత్తి చూపినవాళ్లు లేరు. నోటి సంగతే వేరు.

ఒకసారి బల్ల మీద పడుకున్న బస్సు డ్రైవరుతో, "పల్లంలో ఇంజను ఆపేస్తే హాయి కదండీ, బండి దానంతటదే పోతుంది," అన్నాడు.

"బండితో పాటు మనమూ పోతాం. బ్రేకులు పట్టవయ్యా."

"పట్టకేం. గట్టిగా తొక్కాలి."

స్టెంటు వేయడం అయిపోయినా డ్రైవరు మాట ఆపలేదు. స్ట్రెచర్ మీద బయటికి వచ్చి భార్యతో అన్న మొదటి మాట, "వీడికి లైసెన్సు ఉందేమో కనుక్కో."

బట్టలు కుట్టే పెద్దావిడ వచ్చింది. కుట్టేశాక కొలతలు తీసుకుంటే ఖచ్చితంగా వస్తాయి కదమ్మా అన్నాడు. ఆవిడ ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. "నీ చొక్కా కుట్టినవాడు నీ మాటే విన్నట్టున్నాడు నాయనా," అంది.

కొత్త నర్సుకు ఈయనంటే ఒళ్లు మంట. చేరిన మొదటి రోజే, నాడి బొటనవేలితోనే చూడాలని ఆమెతో అరగంట వాదించాడు. బొటనవేలు పెడితే చూసేవాళ్ల నాడే తెలుస్తుందని నర్సింగులో మొదటి వారమే నేర్పుతారు. ఆమె పుస్తకం తెచ్చి చూపించింది. "అచ్చుతప్పు," అన్నాడు. ఆనాటి నుంచి ఆయన ఎడ్డెమంటే ఆమె తెడ్డెం.

ఒక సోమవారం బాబాయ్ గొంతు పోయింది. గోడకు కింది నుంచి పైకి రంగు వేయాలని, ఎదురింట్లో పని చేస్తున్న పెయింటరుతో ఆదివారమంతా వాదించిన ఫలితం. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు.

"ఇవాళ పని త్వరగా తెములుతుంది," అన్నాడు డాక్టరు. అంకెలు చదవడం నర్సుకు పడింది.

ఆ రోజు పేషెంటు తాపీ మేస్త్రి. నాలుగంతస్తుల ఎత్తున పలక మీద నిలబడి బీడీ కాల్చిన మనిషి. ఎక్స్‌రే యంత్రం ఛాతీ మీదికి వంగేసరికి లేచి కూర్చోబోయాడు.

"నన్ను దింపండి. రేపొస్తాను."

"నూట ముప్పై రెండు," అని నర్సు గుండె వేగం చదివింది.

డాక్టరు గొంతు తగ్గించాడు. "రేపటి దాకా ఆగే నాళం కాదమ్మా ఇది. ఇలా కదిలితే నేను చేయి పెట్టలేను. మత్తు పెంచుదామంటే ఊపిరితిత్తుల నిండా సిమెంటు దుమ్మే. ఐదు నిమిషాలు చూద్దాం. కాదంటే దింపేయాల్సిందే."

"ఏం భయం లేదు మేస్త్రి గారూ," అంది నర్సు.

నూట ముప్పై ఆరు.

బాబాయ్ సామాను తోసే ఒక ట్రాలీని మేస్త్రికి కనబడేలా లాగాడు. గొట్టాలు వచ్చే ఖాళీ అట్టపెట్టెలు దాని మీద పేర్చసాగాడు. పెట్టె మీద పెట్టె, అతుకు మీద అతుకు. మూడు వరుసలయ్యాక వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి, తన పనికి తనే తలాడించాడు.

మేస్త్రి తల అటు తిరిగింది. "ఏం చేస్తున్నాడాయన?"

బాబాయ్ నాలుగో వరుస మొదలుపెట్టాడు.

"అతుకు మీద అతుకు రాకూడదయ్యా. గోడ నిలువునా చీలుతుంది."

రాదన్నట్టు బాబాయ్ చేయి ఊపాడు. ఒక చీటీ రాసి నర్సు ముందుకు తోశాడు. 'ఇటుకలు తడపకూడదు, పొడిగా ఉంటేనే పట్టు అని చెప్పు.'

ఇటుకల గురించి ఆమెకు ఏమీ తెలియదు. బాబాయ్ రాశాడంటే అబద్ధమని మాత్రం తెలుసు. చీటీ పక్కన పెట్టబోతూ మానిటర్ చూసింది. నూట పధ్నాలుగు.

"మేస్త్రి గారూ," అంది, "ఇటుకలు పొడిగా ఉంటేనే గట్టిగా పట్టుకుంటాయటగా?"

"ఎవరమ్మా చెప్పింది? పొడి ఇటుక, ఇసుకా సిమెంటూ కలిపిన మాలులో నీళ్లన్నీ తాగేస్తుంది. ఇక సిమెంటుకేం మిగులుతుంది?"

"మా ఇంటి గోడలు అలాగే కట్టారు మరి."

అది చీటీలో లేదు. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఆ ఇంట్లో పడుకోకు తల్లీ," అన్నాడు మేస్త్రి, నిజంగా కంగారు పడి.

తొంభై ఆరు. ఎనభై నాలుగు. డాక్టరు సూది గుచ్చాడు. మేస్త్రికి తెలియలేదు. ముందుగా మూలలే ఎందుకు కట్టాలో, దారానికి గుండు కట్టి నిలువు ఎలా చూడాలో చెబుతూనే ఉన్నాడు. ఆయన ఒకలా చెబితే బాబాయ్ పెట్టెలు ఇంకోలా పెట్టాడు. స్టెంటు కుదురుకున్న కాసేపటికి, బాబాయ్ మోచేయి తగిలి గోడ కూలింది.

"చెప్పానా," అన్నాడు మేస్త్రి. ఆ రోజు మొత్తంలో ఆయన గుండె అంత నెమ్మదిగా ఎప్పుడూ కొట్టుకోలేదు.

బయట మేస్త్రి భార్యకు నర్సు కబురు చెప్పింది. ఆవిడ కళ్లు తుడుచుకుని అంది: "ఆ గొంతు లేనాయన ఏరమ్మా? పొద్దున నా పక్కన కూర్చుని, మా ఆయన గోడ ఎలా కడతాడో కాగితం మీద రాసి రాసి అడిగాడు. ఏం చేస్తే ఆయనకి కోపమొస్తుందో కూడా అడిగాడు."

నర్సు సామాను గదిలోకి వెళ్లింది. బాబాయ్ ఖాళీ పెట్టెలు సర్దుతున్నాడు. వరుస తప్పించి వరుస, సగం మీద సగం, మూల మూలకి పట్టించి. మేస్త్రి చూస్తే కూలి ఇచ్చేలా ఉంది.

ఆమెకు తన మొదటి రోజు గుర్తొచ్చింది. ఆ పొద్దున చేతులు వణికి రెండుసార్లు ట్రే జారవిడిచింది. వాదన మొదలయ్యాక మళ్లీ ట్రే పడలేదు.

"బాబాయ్," అంది, "నాడి బొటనవేలితో చూడాలన్నారే. అది కూడా ఇదేనా?"

ఆయన తీరిగ్గా చీటీ రాసి ఇచ్చాడు.

'బొటనవేలే. ఇప్పటికీ అదే అంటాను.'

"కాదు బాబాయ్, మీకెన్నిసార్లు చెప్పాలి," అని ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది.

బాబాయ్ పక్కనున్న స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చేయి పెట్టుకున్నాడు.