ప్రెస్ షాపుకు పెట్టిన సైరన్

1989 జూన్‌లో నన్ను నాచారం పారిశ్రామికవాడలో ఒక బోల్టుల ఫ్యాక్టరీకి సైట్ ఇంజినీరుగా వేశారు. ప్రమాద హెచ్చరిక వ్యవస్థలు తయారుచేసి బిగించడం మా కంపెనీ పని. మంట లేచినా, గ్యాస్ లీకైనా ఒక్క బటన్ నొక్కితే ఫ్యాక్టరీ అంతటికీ ఒకేసారి తెలియాలి. అందరూ పని వదిలి అసెంబ్లీ పాయింటుకు, అంటే గేటు పక్కనున్న ఖాళీ స్థలానికి చేరాలి. అందుకు సైరన్లు, స్తంభాల మీద హారన్ స్పీకర్లు, కంట్రోల్ రూములో ప్యానెల్, ఒక మైకు ఉంటాయి. భోపాల్ తర్వాత ప్రతి యాజమాన్యానికీ సైరన్ల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. ఈ ఫ్యాక్టరీలో బోల్టులకు పూత పూసే సెక్షన్ ఒకటి ఉంది, అక్కడ ఆమ్లాల తొట్లు ఉన్నాయి కాబట్టి వీళ్లకు ఆ ప్రేమ అవసరం కూడా.

నాది విజయవాడ. ఉప్పల్‌లో ఒక ఇంటి మేడమీద గది తీసుకున్నాను. ఫ్యాక్టరీ మొత్తంలో ఆడవాళ్లం ముగ్గురం, ఊడ్చే ఇద్దరూ నేనూ. ఎంత పిలిచినా వాళ్లు నా పక్కన కూర్చుని తినేవారు కాదు. ఆఫీసర్ల గదిలోకి నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. అది మర్యాదేనట. మర్యాదతో కడుపు నిండదు కదా. స్పీకర్లు పరీక్షించేది ఆదివారాలు, ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు. ఖాళీ షెడ్లలోకి మైకులో ‘హలో, ఒకటి, రెండు, మూడు’ అనేదాన్ని. కొన్ని వారాలు నేను గట్టిగా మాట్లాడిన మాటలు అవే.

క్యాంటీన్‌లో చివరి బల్ల దగ్గర ఒకాయన ఒక్కడే ఒంటికాయ సొంటికొమ్ములా కూర్చుని తినేవాడు. మిగతావన్నీ నిండి ఉండేవి కాబట్టి నేనూ అక్కడే చేరాను. పేరు దేవదానం, యాభై దాటిన మనిషి, ప్రెస్ షాపులో ఆపరేటర్. నారపల్లి నుంచి బస్సులో వచ్చేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఈ వివరాలు వేరేవాళ్లు చెప్పినవి. నేను పలకరిస్తే ఒక్కోసారి జవాబిచ్చేవాడు, ఒక్కోసారి పప్పు కలుపుకుంటూ ఉండిపోయేవాడు. ఇంత పొగరేమిటి ఈయనకు అని నాకు ఒళ్లు మండేది. అయినా రేపు ఆ బల్లకే వెళ్లక తప్పదు.

ప్రెస్ షాపు సంగతి చెప్పాలి. ఇనుప తీగను ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్క తల మీద దెబ్బ కొట్టి బోల్టు చేసే యంత్రాలు అక్కడ వరసగా ఉంటాయి. అన్నీ కలిసి కొడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని ఆ షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడతారు. బొటనవేలు అరచేతిలో రుద్దితే నూనె కావాలని. రెండు వేళ్లు పెదాల దగ్గర పెడితే చాయ్. నెత్తి మీద అరచెయ్యి పెడితే టోపీ పెట్టుకునే ఫోర్‌మన్ వస్తున్నాడని. నాకూ ఒక గుర్తు పెట్టారు, లేని జడను లాగి చూపించడం. సినిమా కబుర్లు, ఇంటి గొడవలు, ఒకరినొకరు ఏడిపించుకోవడాలు, అన్నీ చేతులతోనే జరిగిపోయేవి. ఆ షెడ్డులో దేవదానమే పెద్ద వాగుడుకాయ. పక్క యంత్రం మీద పనిచేసే మల్లేశ్ ఆయన చేతులు చూసి కడుపు పట్టుకుని నవ్వేవాడు. క్యాంటీన్‌లో నోరు విప్పని మనిషి ఈయనేనా అని నేను విస్తుపోయాను.

మా వృత్తిలో ఒక కొలత ఉంది. అక్కడుండే రొద కంటే సైరన్ పది పదిహేను డెసిబెల్స్ ఎక్కువగా మోగాలి. ప్రెస్ షాపులో ఆ లెక్క పాటిస్తే సైరన్‌కే చెవులు పోతాయి. అందుకని మా హెడ్డాఫీసు షెడ్డు నాలుగు మూలలా నాలుగు చిన్న సైరన్లు పెట్టమంది. పెట్టాను. మొదటి డ్రిల్‌లో అందరూ బయటికి వచ్చారు. రెండో డ్రిల్‌లో హాజరు పిలవలేదు, అందరూ వచ్చారనే అనుకున్నాను. ఖాళీ అయిన షెడ్లన్నీ నడిచి చూడడం మాకు నియమం కాబట్టి లోపలికి వెళ్లాను. యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి, ఒక్కటి తప్ప. దేవదానం నాకు వీపు పెట్టి నిలబడి బోల్టులు చేస్తూనే ఉన్నాడు. నాలుగు సైరన్లూ మోగుతున్నాయి.

ఆ రోజు మల్లేశ్ సెలవులో ఉన్నాడు. మొదటి డ్రిల్‌లో దేవదానాన్ని భుజం తట్టి బయటికి తీసుకెళ్లింది అతనేనని తర్వాత తెలిసింది. హాజరు పిలిచినప్పుడు మోచేత్తో పొడిచింది కూడా అతనే.

నేను ముందుకెళ్లి నిలబడ్డాను. ఆయన నా ముఖం చూశాడు, వెనక్కి తిరిగి ఖాళీ షెడ్డు చూశాడు. యంత్రం ఆపి కుర్చీ లేక అక్కడే ఒక డబ్బా మీద కూర్చున్నాడు. సైరన్లు ఆగాక, నన్ను ముఖం ఎదురుగా పెట్టి మెల్లగా మాట్లాడమన్నాడు. ఎన్నేళ్లనుంచి వినపడడం లేదని అడిగాను.

“ఎన్నడు మొదలైందో నాకే ఎర్కలేదు మేడం. ఈ మిషన్లే తిన్నయి. ఈడ ఎవ్వలకు తెల్వది, మల్లేశ్‌కు తప్ప.”

డాక్టరుకు చూపించుకోవచ్చు కదా, తేలికపాటి పని ఇస్తారు, జీతం తగ్గించరు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“జీతం ఫికర్ కాదు మేడం. ప్రెస్ షాపుల అందరు నా లెక్కనే ఉంటరు. బయటికొస్తెనే నేనొక్కన్ని. గుడిల పాట పాడుతరు, నేను నోరు కదుపుకుంట నిలబడ్త. బస్సుల గట్లనే. ఈడికెల్లి తీస్తే నేను ఎవరితోని మాట్లాడాలె?”

ఆయన గుడి అన్నది చర్చిని. రోజూ అదే బల్ల మీద తింటూ ఈ మనిషిని పొగరుబోతు అనుకున్నాను. సైరన్ల ఆఫీసుల్లో ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనే సామెత సరదాగా దొర్లుతూ ఉంటుంది. ఆ రోజు తర్వాత దాన్ని నా నోటితో అనలేదు.

పరిష్కారం నా చేతిలోనే ఉందనిపించింది. రొద అంతగా ఉన్నచోట శబ్దం మీద ఆధారపడకూడదు, కంటికి కనిపించే గుర్తు పెట్టాలి అని మా నియమాల్లోనే ఉంది. అంబులెన్స్ మీద తిరిగేలాంటి ఎర్రలైటు ప్రతి రెండు యంత్రాలకూ ఒకటి పెడతానని సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగాను. ఆయన పేరు నర్సింగరావు, కాగితం మీదున్నది అక్షరం పొల్లుపోకుండా చేసే మనిషి. ఇప్పుడున్న సైరన్లకే అందరూ వస్తున్నారు కదా అన్నాడు. కొలత తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. జలుబు చేసినవాడికి కూడా వినపడదు, నా సంతకం కావాలంటే లైట్లు కావాలి అన్నాను. దేవదానం పేరు ఎత్తలేదు. ఒప్పుకున్నాడు.

లైట్లు బిగించిన రోజున దేవదానం తన చేతులతో గాలిలో ఒక సున్నా చుట్టి, జడ లాగి, రెండు చేతులూ జోడించాడు. క్యాంటీన్‌లో ఆయన ముఖం ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడడం నాకూ అలవాటైంది. నేను చెప్పేది సగం అర్థమయ్యేది, మిగతా సగం చేతులతో చెప్పేదాన్ని. ఉప్పల్ గదికి వెళ్లేటప్పుడు ఆ రోజుల్లో కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లలేదు.

చివరిది అంగీకార పరీక్ష. అది సరిగ్గా జరిగితేనే వ్యవస్థను మేము అప్పగించినట్టు. ఆ రోజు నేను కంట్రోల్ రూములో ప్యానెల్ ముందు ఉండాలి, నర్సింగరావు నా పక్కన. కిటికీలోంచి అసెంబ్లీ పాయింట్ కనిపిస్తుంది. బటన్ నొక్కాను. ఎర్రలైట్లు తిరిగాయి, ప్రెస్ షాపు తలుపులోంచి మొదట బయటికొచ్చినవాళ్లలో దేవదానం ఉన్నాడు. నా సంతోషానికి హద్దు లేదు.

తర్వాత ఫోర్‌మన్ ప్రెస్ షాపు వరస ముందు నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మల్లేశ్‌ను ఆసారి వెతికే బృందంలో వేశారు. అతను ముఖానికి మాస్కు తగిలించుకుని, వరసలకు దూరంగా, షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. దేవదానం పూత సెక్షన్ మనుషుల వరసలో కలిసిపోయాడు, వాళ్లు ఆయన్ని పేరుతో ఎరగరు. ఫోర్‌మన్ దేవదానం పేరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. జవాబు లేదు. మనిషి లోపల చిక్కుకున్నాడనే లెక్క కాబట్టి చెయ్యి ఊపాడు. మల్లేశ్, ఇంకొకతను లోపలికి పరుగెత్తారు.

నేను నోరు తెరిచేలోపే నర్సింగరావు మైకు అందుకున్నాడు.

“దేవదానం, ఎక్కడున్నా అసెంబ్లీ పాయింటుకు రావాలె. దేవదానం.”

ఆ పేరు ఫ్యాక్టరీ అంతా మోగింది. నేను స్వయంగా దిశ చూసి బిగించిన హారన్ స్పీకరు ఆయన నెత్తి మీదే ఉంది. ఆయన వెనక నుంచి ఎవరో ‘గీయనే కదా’ అన్నారు. ఒక్కొక్క తలా అటు తిరిగింది. ఆయన మాత్రం మిగతావాళ్లకంటే ఆత్రంగా షెడ్డు తలుపు వైపు చూస్తున్నాడు, లోపల ఎవరు చిక్కుకున్నారోనని. మల్లేశ్ ఉత్త చేతులతో బయటికొచ్చి, వరసలో ఆయన్ని చూసి, మాస్కు పీకి పారేసి, అందరి ముందూ చేతులతో చెప్పాడు. నీ పేరే పిలుస్తున్నారని.

దేవదానం చెయ్యి ఎత్తాడు. నర్సింగరావు మైకు కింద పెట్టాడు.

ఆ తర్వాత నేను నర్సింగరావుతో చెయ్యగలిగినంత వాదించాను. లైటు చూసి అందరికంటే ముందు వచ్చాడు కదా అన్నాను. ఆయన కోపపడలేదు.

“వచ్చిండు మేడం, కాదంటలేను. కాని బయట నిలబడ్డ మనిషి కోసం ఇద్దర్ని లోపలికి పంపినం. రేపు నిజంగ గ్యాస్ లీకైతే, ఆ ఇద్దరి ఇంట్లోళ్లకు నేనేం చెప్పాలె?”

ఆయన చెప్పింది నిజమే.

దవాఖానాలో పరీక్ష చేయించారు. అదే గ్రేడు, అదే జీతం ఇచ్చి దేవదానాన్ని వెనక ప్రహరీ దగ్గరి పంపు హౌసుకు మార్చారు. స్విచ్ వేయడం, తొట్టి నిండాక ఆపేయడం, అంతే పని. తిండి కూడా అక్కడే, పంపు వదిలి రాకూడదు కాబట్టి. చూడ్డానికి వెళితే కుర్చీ నాకిచ్చి తను గట్టు మీద కూర్చున్నాడు. మల్లేశ్ వస్తుంటాడా అని అడిగాను.

“మొదట్ల వచ్చిండు. మిషన్ ఇడిసిపెట్టి ఎన్నిసార్లని వస్తడు. నీ తప్పేం లేదు మేడం, నువ్వు ఫికర్ జెయ్యకు.” తర్వాత చేతులు కాసేపు గాలిలో ఎత్తి, ఏమీ చెప్పకుండా మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

సైట్ వదిలే ముందు నేను ఒక పద్ధతి రాసిచ్చాను. అసెంబ్లీ పాయింట్లో కొక్కేలున్న చెక్క బోర్డు. లోపలికి వెళ్లేటప్పుడు ఎవరి ఇత్తడి బిళ్ల వాళ్లు జేబులో వేసుకోవాలి, బయటికి రాగానే తమ కొక్కేనికి తగిలించాలి. ఖాళీ కొక్కెం ఎవరిదో వాళ్లే లోపల ఉన్నట్టు. పేరు పిలవనక్కరలేదు, పలకనక్కరలేదు. నర్సింగరావుకు వెంటనే నచ్చింది. ఇప్పుడిది ఉంది కాబట్టి దేవదానాన్ని వెనక్కి తీసుకోండి అన్నాను. వైద్యపరీక్షలో పనికిరాడని రాసిన మనిషిని మళ్లీ యంత్రం మీద నిలబెట్టే అధికారం తనకు లేదన్నాడు. ఆయన అబద్ధం చెప్పే రకం కాదు.

బోర్డు మీద సెక్షన్ల పేర్లు నేనే దగ్గరుండి రాయించాను. ప్రెస్ షాపు పేరు కింద మూడు వరసల కొక్కేలు పట్టాయి. అన్నిటికంటే కింద పంపు హౌస్ అని రాయించి, ఒక్క కొక్కెం కొట్టించాను.

తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో భవనాలకు, సినిమా హాళ్లకు, ఆసుపత్రులకు ఈ వ్యవస్థలు పెట్టాను. ప్రతిచోటా సైరన్ కంటే ముందు బిళ్లల బోర్డు గీశాను. హెచ్చరిక వినిపించడం, కనిపించడం మా పనిలో సగమే. బయటికి వచ్చిన మనిషి వచ్చాడని మిగతావాళ్లకు తెలిసే ఏర్పాటు రెండో సగం. ఆ రెండోది ఆలస్యంగా పెడితే ఫ్యాక్టరీకి పనికొస్తుంది, ఆ మనిషికి పనికిరాదు.